ఉక్కపోతకు లెక్క లేదు

సముద్రం పక్కనున్న ఊళ్లలో ఎండా ఎక్కువుండదు, చలీ ఎక్కువుండదు అని భూగోళ పాఠంలో అందరం చదువుకున్నాం. విశాఖపట్నం గురించి ఇప్పటికీ అలాగే మాట్లాడుకుంటారు. మే నెలలో రెంటచింతలలోనూ రామగుండంలోనూ పాదరసం 45 డిగ్రీలు దాటిన రోజున కూడా విశాఖలో చాలాసార్లు 34, 35 దగ్గరే ఆగుతుంది. మర్నాడు పత్రికలో వచ్చే ఉష్ణోగ్రతల పట్టికలో ఈ ఊరు ఎక్కడో అడుగున ఉంటుంది. చూసినవాళ్లు ‘మీకేమమ్మా, సముద్రం ఉంది’ అంటారు.

ఆ 34 డిగ్రీలలో ఒక స్త్రీ ఏ పని చేస్తోంది, ఎక్కడ నిలబడి చేస్తోంది, రాత్రి ఎక్కడ పడుకుంటోంది అన్నవి ఆ పట్టికలో ఉండవు. వాతావరణం ప్రకృతికి సంబంధించిన విషయం, హక్కులతో దానికేం పని అనే ధోరణి మన సంఘాల్లో కూడా ఉంది. తుపాను వచ్చినప్పుడు సహాయ కార్యక్రమాల రూపంలో మాత్రమే అది మన ఎజెండాలోకి వస్తుంది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే ఉక్కపోత గురించి ఒక తీర్మానం చేసిన సందర్భం నాకు గుర్తులేదు. వేడిని ఎలా కొలుస్తారు, ఎక్కడ కొలుస్తారు అన్నదాంట్లోనే ఎవరి శ్రమను శ్రమగా గుర్తిస్తున్నారు అన్న ప్రశ్న ఇమిడి ఉందని నా వాదన.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. ముసురు పట్టిన రోజున దండెం మీద వేసిన బట్ట ఎందుకు ఆరదో తెలిసిన ఏ స్త్రీకైనా ఇందులో విప్పి చెప్పాల్సింది ఏమీ లేదు. 33 డిగ్రీల వేడిలో గాలిలోని తేమ 75 శాతం ఉంటే అది నీడలో కూర్చున్న మనిషికి దాదాపు 45 డిగ్రీల వేడిలా తగులుతుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. అందుకే వాళ్లు ‘వెట్ బల్బ్’ ఉష్ణోగ్రత అనే ఇంకొక కొలత వాడతారు. థర్మామీటరు మొనకు తడిగుడ్డ చుట్టి చూసే కొలత అది. ఈ కొలత 35 డిగ్రీలకు చేరితే ఎంత ఆరోగ్యవంతులైనా కొన్ని గంటలకు మించి బతకలేరని 2010లో ఒక పరిశోధన చెప్పింది. 2022లో అమెరికాలో యువతీయువకుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు హద్దు అంతకంటే చాలా కింద, 31 డిగ్రీల దగ్గరే ఉందని తేలింది. నలభై దాటిన, రక్తహీనత ఉన్న, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న మన స్త్రీకి ఆ హద్దు ఎక్కడుందో ఎవరూ ప్రయోగం చేసి చూడలేదు. ఆమె రోజూ చేస్తూనే ఉంది.

ఇప్పుడు ప్రభుత్వం కొలిచే పద్ధతి చూద్దాం. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలు దాటి, అది మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగా ఉంటే దాన్ని భారత వాతావరణ విభాగం వడగాలి అంటుంది. తీరానికి మూడు డిగ్రీలు తగ్గించారు కదా అనవచ్చు. నిజమే, ఈ మధ్య సంవత్సరాల్లో ‘వేడి, ఉక్కపోత’ అంటూ వేరే హెచ్చరికలు కూడా ఇస్తున్నారు. అయితే రాత్రుల సంగతి వినండి. ‘వెచ్చని రాత్రి’ అని ప్రకటించాలంటే పగటి గరిష్ఠం 40 డిగ్రీలకు తగ్గకూడదన్నది నిబంధన. పగలు 36 ఉండి, రాత్రంతా 29 నుంచి దిగకుండా, ఆకు కదలకుండా ఉన్న విశాఖ రాత్రి ఈ లెక్కలో వెచ్చనిది కాదు! పొడి ప్రాంతాల్లో పగలు మండినా అర్ధరాత్రికి నేల చల్లబడుతుంది. సముద్రం పక్కన ఆ తెరిపి లేదు. పగటి గీతతో రాత్రిని కొలవడం ఈ ఊరికి బొత్తిగా పొసగని పద్ధతి.

ఈ గీతల మీదే మిగతావన్నీ ఆధారపడి ఉన్నాయి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా పంపే హెచ్చరికలూ, పనివేళల మార్పులూ, చలివేంద్రాలూ, నష్టపరిహారాలూ అన్నీ. కేంద్ర ప్రభుత్వం 2012లో చలిగాలులను విపత్తుల జాబితాలో చేర్చింది గానీ వడగాలులను చేర్చలేదు. ఆ పని రాష్ట్రాలకు వదిలేసింది. తమిళనాడు 2024లో, తెలంగాణ 2025లో తమ పరిధిలో వడగాలిని విపత్తుగా ప్రకటించుకున్నాయి. గుజరాత్‌లో పుట్టిన ‘సేవ’ సంఘం అసంఘటిత రంగంలోని తన సభ్యుల కోసం వేడికి బీమా తెచ్చింది. ఉష్ణోగ్రత ఫలానా గీత దాటిన రోజున పనికి వెళ్లకపోయినా కొంత డబ్బు అందుతుంది. 2024 వేసవిలో దాదాపు 50 వేల మందికి అలా ముట్టింది. స్త్రీలు తమకై తాము తెచ్చుకున్న ఏర్పాటు ఇది, మెచ్చుకోవలసిందే. ఇదే పథకాన్ని ఉన్నదున్నట్టు విశాఖకు తెస్తే మాత్రం ప్రీమియం కట్టించుకోవడమే తప్ప గీత దాటే రోజు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

వంటిల్లు దగ్గరకొద్దాం. వేడి గురించి వచ్చిన ప్రభుత్వ ప్రణాళికల్లో ఎక్కడో ఒక మూల తప్ప కనిపించని చోటు ఇది. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బయట తిరగవద్దని చెబుతారు. ఇంట్లో ఉండటం అంటే నీడలో ఉండటం అని ఆ సలహా రాసినవాళ్ల ఉద్దేశం. ఆ వేళకు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నది ఎవరు? గంజి వార్చేటప్పుడు మొహానికి కొట్టే ఆవిరి, పోపు పెట్టినప్పుడు లేచే సెగ ఏ వాతావరణ కేంద్రం లెక్కలోకి వస్తాయి? ఫ్యాను వేసుకుందామంటే పొయ్యి ఆరిపోతుంది. పక్క గదిలో కూర్చుని అన్నం కోసం చూసేవాళ్ల మీద మాత్రం అది తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడొక చిత్రమైన సంగతి చెప్పాలి. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలి. విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి ఈ ఊరికి సముద్రం ఉన్నది సరిగ్గా ఆగ్నేయ దిక్కునే. అంటే సముద్రపు గాలి ఇంట్లోకి వస్తే మొదట వంటింట్లోకే రావాలి. వస్తుంది కూడా. కానీ మంట రెపరెపలాడుతుందని ఆ కిటికీ వేసేస్తాం. శాస్త్రం కట్టబెట్టిన గాలిని స్త్రీ తన చేత్తో తానే మూసుకోవలసిన పరిస్థితి. ఇక ఒకే గది ఇళ్లలో వాస్తు అన్న ఊసే లేదు. పొయ్యి, మంచం, బట్టల మూట, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ రేకు కిందే.

గ్యాసు వచ్చాక స్త్రీల కష్టం తీరిందని అనేవాళ్లున్నారు. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల సభ్యులకు కనెక్షన్లు ఇచ్చినప్పటి నుంచీ పొగ తగ్గింది, కట్టెల మోత తగ్గింది. అది తక్కువ మార్పేమీ కాదు. సెగ మాత్రం తగ్గలేదు. పైగా పొయ్యి ఆరుబయట నుంచీ వసారాలోంచీ గది లోపలికి వచ్చింది. వేసవి సాయంత్రాల్లో వాకిట్లో రాతి పొయ్యి మీద వండుకున్న పాత అలవాటు పోయింది. దాని గురించి ఎవరూ లెక్కలు తీయలేదు.

రాత్రి మరొక కథ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ విశాఖలో ఆ రోజుల్లో రోలు తడిగానే ఉంటుంది, నిద్రే పగిలిపోతుంది. కొండవాలు బస్తీల్లో మగవాళ్లు అరుగు మీదా, మేడ మీదా, బీచ్ ఇసకలోనూ పడుకుంటారు. స్త్రీలు, వయసొచ్చిన ఆడపిల్లలు తలుపు గడియ పెట్టుకుని లోపల పడుకుంటారు. కిటికీ ఉన్నా తెరవరు. భయం వల్లా, మర్యాద అనే పేరు వల్లా ఆ గదిలో రెండు మూడు డిగ్రీలు అదనంగా చేరుతున్నాయి. హింస గురించి మన పత్రికల్లో ఎంతో రాసుకున్నాం. హింస భయం ఒంటిమీద వేడిగా ఎలా మారుతుందో కూడా రాసుకోవాలి. నిద్ర చాలని స్త్రీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి కుళాయి దగ్గర వరసలో నిలబడుతుంది. నీళ్లు కొండ మీదికి సరిగా ఎక్కని చోట బిందె ఎత్తుకుని మెట్లన్నీ ఎక్కుతుంది. నెలసరి ఆగే వయసు స్త్రీలకు వచ్చే ఆవిర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. డాక్టరు దగ్గర కూడా వాళ్లు ఆ మాట సిగ్గుపడుతూ చెబుతారు.

పని స్థలాలకు వస్తే, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని దుస్తుల పరిశ్రమల్లో వేలాదిమంది స్త్రీలు పనిచేస్తున్నారు. అనకాపల్లి, విజయనగరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే వయసు పిల్లలే ఎక్కువ. కుట్టు మిషన్ల వరసలు, ఇస్త్రీ ఆవిరి, గంటకు ఇన్ని ముక్కలు అన్న టార్గెట్ ఈ పరిశ్రమలో ఎక్కడైనా ఉండేవే. నీళ్లు తాగితే మరుగుదొడ్డికి లేవాలి, లేస్తే టార్గెట్ తప్పుతుంది. అందుకని నీళ్లు తాగడం మానేస్తారు. వ్యాపార దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలదీ ఇదే బాధ. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో కూర్చునే హక్కు కోసం చట్టాలు సవరించాయి. ఒక స్టూలు కోసం చట్టం కావలసి వచ్చిందంటే మిగతావి ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 13వ సెక్షన్ పనిచేసే గదిలో గాలీ ఉష్ణోగ్రతా శ్రామికులకు అనువుగా ఉండాలని చెప్పింది. కొన్ని రాష్ట్రాల నియమావళుల్లో వెట్ బల్బ్ 30 డిగ్రీలు దాటకూడదని స్పష్టంగా రాశారు. అంటే తేమతో కలిపి వేడిని కొలవాలన్న ఆలోచన మన చట్టాల్లో కొత్తది కాదు. నూలు మిల్లుల కాలం నుంచీ ఉన్నదే. ఆ చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యాల కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాని కింద రాష్ట్రం చేసే నియమాల్లో ఈ కొలత నిలుస్తుందా, జారిపోతుందా అని కార్మిక సంఘాల కంటే ముందు మనం చూసుకోవాలి. ఎందుకంటే 2025లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని, స్త్రీలను రాత్రి షిఫ్టుల్లోకి అనుమతించాలని నిర్ణయించింది. రాత్రి పని స్త్రీల హక్కా, దోపిడీయా అన్న చర్చ మన మధ్య చాలాకాలంగా ఉంది. ఆ చర్చలోకి నేనిప్పుడు దిగను. కానీ పదో గంటలో ఆ గదిలో వేడెంత, తేమెంత అని అడగడానికి ఏ పక్షం వాళ్లకైనా అభ్యంతరం ఉండదు కదా.

ఇది ఊరికే అసౌకర్యం గురించిన గొడవ అనుకోకూడదు. తమిళనాడులో 800 మంది గర్భిణీ స్త్రీలను, వాళ్లు పనిచేసే చోట వేడిని తేమతో సహా కొలిచి, పరిశీలించిన అధ్యయనం 2024లో వెలువడింది. ఎక్కువ వేడిలో పనిచేసినవాళ్లలో గర్భస్రావం, మృతశిశు జననం ముప్పు సుమారు రెట్టింపు అని అందులో తేలింది. ఆ స్త్రీలు పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఉప్పు మడుల్లో పనిచేసినవాళ్లు. ‘బరువులెత్తావు, అందుకే పోయింది’ అని కోడలిని తిట్టే ఇళ్లలో ఇకముందు గాలి గురించి కూడా అడగాలి.

స్త్రీలందరినీ ఒకే గాటన కట్టలేం. అపార్ట్‌మెంట్లలో ఏసీ ఉన్న హాలు తుడిచి, ఏసీ లేని వంటింట్లో గిన్నెలు తోమి వెళ్లే స్త్రీకీ, ఆ హాల్లో కూర్చునే స్త్రీకీ ఒకే ఊళ్లో రెండు వాతావరణాలు. ఏసీ లోపల చల్లబరిచినదంతా బయటికి వేడిగానే వదులుతుంది. ఆ వేడి పక్క బస్తీ కిటికీలోకి పోతుంది.

మత్స్యకార స్త్రీల సంగతి వేరు. ఎండు చేప చేసేవాళ్లకు ఎండ శత్రువు కాదు, పెట్టుబడి. వాళ్లు భయపడేది మబ్బుకు. ఇసక మీద ఆరబోసిన చేప మీద నాలుగు చినుకులు పడితే ఆ వారం సంపాదన పురుగుల పాలవుతుంది. కాలం కాని కాలంలో వాన పడటం ఎక్కువైందని తీరంలో ఎవరిని కదిపినా చెబుతారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి, 2025లో 20 వేల రూపాయలకు పెంచినది, వేటకు వెళ్లేవాళ్లకు. అంటే మగవాళ్లకు. గంప నెత్తిన పెట్టుకుని ఎండలో వీధులు తిరిగి అమ్మే స్త్రీకి ఆ 61 రోజులూ చేపా ఉండదు, భృతీ ఉండదు. సంవత్సరంలో అన్నిటికన్నా ఉక్కగా ఉండే రెండు నెలలు అవే. ఐస్ కొని, వచ్చిన కొద్దిపాటి సరుకు చెడకముందే అమ్ముకోవాలని మిట్టమధ్యాహ్నం కూడా తిరుగుతుంది.

జూన్ మధ్యలో తొలకరి పడితే ఊరందరికీ ఊపిరి వస్తుంది. తేమ మాత్రం పోదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడే వానలో సెప్టెంబరు, అక్టోబరు నెలలదే పెద్ద వాటా. ఆ రోజుల్లో బట్టలు రెండేసి రోజులు ఆరవు. ఉతకడం, ఆరేయడం, తీయడం, మళ్లీ వేయడం, ముక్కవాసన పోవడానికి ఇస్త్రీ చేయడం అన్నీ ఎవరి పనో చెప్పనవసరం లేదు. నెలసరి గుడ్డ సంగతి మాత్రం చెప్పాలి. బాగా ఎండలో ఆరేయమని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణల్లో చెబుతారు. ఎండ ఉన్న రోజుల్లోనే దాన్ని చీర కింద దాచి ఆరేస్తారు. ముసురులో అది మంచం కింద తాడు మీద పచ్చిగానే ఉండి, పచ్చిగానే మళ్లీ వాడకంలోకి వస్తుంది. గజ్జల్లో దురద, తామర, తెల్లబట్ట అంటూ ఆగస్టు నుంచి ఆరోగ్య కేంద్రాలకు వచ్చే స్త్రీలకు మందు రాసి పంపిస్తారు. ఆరేసుకునే చోటు గురించి ఎవరూ అడగరు.

తుపానులంటే అందరికీ గుర్తొచ్చేది 2014 అక్టోబరు 12న నేరుగా విశాఖ మీదే తీరం దాటిన హుద్‌హుద్. ముందస్తు హెచ్చరికల వల్ల ప్రాణనష్టం బాగా తగ్గింది. 1977 దివిసీమతో పోలిస్తే ఇది పెద్ద విజయమే. కరెంటు, నీళ్లు లేని రోజులు ఎవరి ఒంటి మీదుగా గడిచాయో అప్పట్లోనే మన సంఘాలు రాశాయి కాబట్టి మళ్లీ రాయను. చెట్ల గురించి మాత్రం ఒక మాట. ఆ ఒక్క రోజులో ఊళ్లో లెక్కలేనన్ని చెట్లు పోయాయి. పచ్చదనం పోయిందని నగర ప్రేమికులు బాధపడ్డారు. ఆ చెట్టు కింద కూరగాయల తట్ట పెట్టుకునే స్త్రీకి పోయింది పచ్చదనం కాదు, దుకాణం కప్పు. మొక్కలు నాటినప్పుడు ఆమె కూర్చునే చోటును లెక్కలోకి తీసుకోలేదు. డివైడర్ల మధ్య పూలమొక్కలు వేశారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఊరు హాయిగా ఉంటుంది. పర్యాటక శాఖ చూపించే విశాఖ ఆ మూడు నెలలదే.

వీటన్నిటికీ ఒక బలమైన ఎదురు వాదన ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే ప్రమాద మరణాల లెక్కల్లో వడదెబ్బకు చనిపోయినవాళ్లలో పురుషులే చాలా ఎక్కువ. దీన్ని కొట్టిపారేయకూడదు. ఎండలో రోడ్లు వేసేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, రిక్షాలు లాగేవాళ్లు నిజంగానే చనిపోతున్నారు. అయితే మరణాన్ని వడదెబ్బగా నిర్ధారించేది తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసిన సంఘం. బయట, పనిలో, పదిమంది చూస్తుండగా కూలిపోయిన మనిషికి ఆ నిర్ధారణ దొరుకుతుంది. ఇంట్లో, పొయ్యి పక్కన, తెల్లారేసరికి లేవని ముసలామెకు దొరకదు. ఆమెది గుండెపోటో, వయసో అవుతుంది. 2003 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో ఫ్రాన్సులో దాదాపు 15 వేల మంది పోయారు. అక్కడ నిర్ధారణ పత్రాలను నమ్ముకోకుండా, మామూలు ఏడాది కంటే ఎన్ని మరణాలు అదనంగా జరిగాయని లెక్క కట్టారు. అలా కట్టినప్పుడు స్త్రీలే ఎక్కువని తేలింది, అందులోనూ ఇళ్లలో ఒంటరిగా ఉన్న వృద్ధ స్త్రీలు. అహ్మదాబాద్‌లో 2010 మే నెల మరణాలను ఇదే పద్ధతిలో చూస్తే 1,344 అదనపు మరణాలు బయటపడ్డాయి. ఆ తర్వాతే, 2013లో, దేశంలో మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక ఆ ఊళ్లో వచ్చింది. విశాఖ మునిసిపల్ కార్పొరేషన్ దగ్గర జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. నెలవారీగా, స్త్రీ పురుష వారీగా, ఇంట్లో జరిగిన మరణాలను విడిగా తీసి ఇమ్మని సమాచార హక్కు కింద అడగడానికి మనకు అడ్డేమీ లేదు.

ఈ లోగా చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్లు రెండు కొనాలి, జ్వరం చూసేవి పనికిరావు. ఒకదాని మొనకు తడిపిన నూలుగుడ్డ చుట్టి, విసనకర్రతో కాసేపు విసిరి, రెండింటి అంకెలూ రాసుకోవాలి. మార్చి నుంచి అక్టోబరు వరకు, వారానికి రెండు రోజులు, ఉదయం వంటవేళ ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి పదకొండింటికి ఒకసారి. పొదుపు సంఘాల సభ్యులు తమ ఇళ్లలోనే చేయగలరు, పెద్ద శిక్షణ కూడా అక్కర్లేదు. రాత్రి కొలత మానవద్దు. తలుపు వేసిన గదిలో ఆ వేళ ఎంత ఉందో చెప్పే కాగితం ఏ కార్యాలయంలోనూ లేదు. అంకెల పక్కన పైకప్పు రేకా స్లాబా, గదిలో ఎంతమంది పడుకున్నారు, కిటికీ ఏ దిక్కున ఉంది, తెరిచి ఉందా మూసి ఉందా, మూసి ఉంటే ఎందుకు మూశారు అన్నది కూడా ఆమె మాటల్లోనే రాసుకోవాలి.